రెండు రూపాయల ఇడ్లీ

శంషాబాద్ విమానాశ్రయంలో రెండు రూపాయలకే ఇడ్లీ, వడ, ఉప్మా, కాఫీ... ఎంత తింటే అంత! అబద్ధం కాదు. కాకపోతే ఆ రెండు రూపాయలు గీకే కార్డుకి ఏడాది ఫీజు అయిదు వేలో, పన్నెండు వేలో ఉండొచ్చు. మరి ఆ కార్డు గిట్టుబాటేనా? లాంజ్ గుమ్మం దాకా వెళ్లి చూసొద్దాం రండి.

శంషాబాద్ విమానాశ్రయాన్ని అర్ధరాత్రి దాటాక చూడాలి. ఊరంతా నిద్రపోయే వేళకి అక్కడ సందడి మొదలవుతుంది. విదేశాలకెళ్లే ప్రయాణికుల ద్వారం దగ్గర ఎక్కేది ఒకరైతే సాగనంపేది పదిమంది. తాళ్లతో బిగించిన అట్టపెట్టెలు, ఆవకాయ సీసా సర్దామో లేదోనని మళ్లీ సూట్‌కేసు తెరిచే అమ్మలు, బరువు ఎక్కువైందని చివరి నిమిషంలో బయటికొచ్చిన సున్నుండల డబ్బా. అటు అమెరికా నుంచి పిల్లల ఫోన్లు. పాస్‌పోర్టు జాగ్రత్త, మందులు చేతిసంచిలోనే పెట్టుకోండి... ఈ జాబితాలోకి ఈమధ్య మరొకటి చేరింది. ‘నాన్నా, ఆ కార్డు తీసుకున్నావుగా? లోపల లాంజ్‌లో కూర్చోండి!’

బేగంపేట నుంచి విమానాలు ఇక్కడికి తరలింది 2008 మార్చిలో. అప్పట్లో ఏడాదికి కోటీ 20 లక్షల మంది కోసం కట్టిన టెర్మినల్ ఇది. ప్రయాణికులు రెండు కోట్లు దాటేసరికి దాన్ని పెంచక తప్పలేదు. ఎంత పెంచినా పండగ రోజుల్లో చూస్తే, బస్టాండుకి ఏసీ పెట్టినట్టే ఉంటుంది. ఆ హడావుడిలోంచి మెత్తటి సోఫాలోకి దారి చూపించేదే లాంజ్.

నిజానికి ఇది ఒకప్పుడు పెద్దమనుషుల గది. 1939లో న్యూయార్క్ లగార్డియా విమానాశ్రయంలో అమెరికన్ ఎయిర్‌లైన్స్ తొలి లాంజ్ తెరిచినప్పుడు, పిలుపు అందినవాళ్లకే ప్రవేశం. ఆ తలుపుని మధ్యతరగతికి తెరిచింది క్రెడిట్ కార్డు. కార్డు మనకేమీ కొత్త కాదులెండి. బందరులో భోగరాజు పట్టాభి సీతారామయ్య స్థాపించిన ఆంధ్రాబ్యాంకు 1981లోనే క్రెడిట్ కార్డు ఇచ్చింది. కాకపోతే అప్పుడది అరువుకి సాధనం. ఇప్పుడు హోదాకి కూడా!

గుమ్మంలోనే గండం

లాంజ్ ముందు నిలబడితే చాలు, సగం లెక్క అక్కడే తేలిపోతుంది. రద్దీ తప్పించుకోవడానికి కార్డు తీసుకున్నవాళ్లంతా ఇక్కడ వరుసలో నిలబడి ఉంటారు. కౌంటరులో కార్డు గీకితే, అది చెల్లుతుందో లేదో చూడ్డానికి చాలాసార్లు రెండు రూపాయలు తీసుకుంటారు. చెల్లితే లోపలికి. చెల్లకపోతే పక్కకి. ఎందుకు చెల్లదంటారా? గడచిన మూడు నెలల్లో ఇన్ని వేలు ఖర్చుపెడితేనే ఉచిత ప్రవేశం అని 2024 నుంచి చాలా బ్యాంకులు మెలిక పెట్టాయి. 35 వేలున్న ఆ గీతని కొన్ని కార్డులకు అదే ఏడాది 75 వేలకు జరిపారు కూడా.

అంతకన్నా పెద్ద మెలిక ఇంకొకటుంది. ఉచితం అనేది ఎక్కువ కార్డుల్లో కార్డు ఉన్న మనిషికే. ఏడాదికోసారి పిల్లల్ని తీసుకుని గోవాకో ఢిల్లీకో వెళ్లే నలుగురి కుటుంబాన్ని తీసుకోండి. కార్డు ఫీజు అయిదు వేలు, దానిమీద 18 శాతం జీఎస్టీ... మొత్తం 5,900 రూపాయలు. వెళ్లేటప్పుడొకసారి, వచ్చేటప్పుడొకసారి ఇంటాయన లాంజ్‌లోకి వెళ్లొచ్చు. అంటే ఒక్కో టిఫిన్ 2,950 రూపాయలు! పోనీ అలాగే అనుకుందాం. భార్యాపిల్లల్ని బయట కూర్చోబెట్టి తానొక్కడే లోపల ఇడ్లీ తినే తండ్రి ఎక్కడుంటాడు? మిగతా ముగ్గురినీ తీసుకెళ్లాలంటే మనిషికి వెయ్యికి పైనే అడుగుతారు. బయట కొట్లో ధర ఎంత మంటెక్కించినా ఇంతకన్నా చవకే. ఇంట్లో కట్టుకొచ్చిన పులిహోర సంగతి వేరే చెప్పాలా!

అదే నెలకి రెండుసార్లు ఆఫీసు పనిమీద తిరిగే ఉద్యోగిని చూడండి. రానూపోనూ ఏడాదికి 48 సార్లు విమానాశ్రయం గుమ్మం తొక్కుతాడు. 12,500 ఫీజు, జీఎస్టీతో కలిపి 14,750 కట్టినా, ఎన్నిసార్లయినా రానిచ్చే కార్డయితే ఒక్కో ప్రవేశం 307 రూపాయలు. అతనికి గిట్టుబాటే. పైగా టిక్కెట్టు డబ్బు ఆఫీసుది, పాయింట్లు అతనివి!

విదేశంలో ఖర్చుకీ లెక్క ఉంది. మామూలు కార్డుతో సింగపూర్‌లో రెండు లక్షలు ఖర్చుచేస్తే కరెన్సీ మార్పిడి కింద మూడున్నర శాతం, దానిమీద జీఎస్టీ... 8,260 రూపాయలు పోతాయి. రెండు శాతమే తీసుకునే ఖరీదైన కార్డయితే 4,720. మిగిలేది 3,540. ఫీజులో కొంత భాగం అలా రాబట్టుకోవచ్చు గానీ, అందుకోసం ఏటా సింగపూర్ వెళ్లాలి.

అమ్మానాన్నల కోసమైతే...

ఈ లెక్కలన్నీ తడబడే చోటు ఒకటుంది. అది దోహా. కూతురి పురిటికనో, మనవడి పుట్టినరోజుకనో అమెరికా బయల్దేరే పెద్దవాళ్లలో చాలామంది దోహా, దుబాయ్, అబుదాబీల్లో విమానం మారాలి. మధ్యలో అయిదారు గంటలు ఖాళీ ఉండొచ్చు. దోహా విమానాశ్రయం మధ్యలో ఓ పెద్ద పసుపుపచ్చ ఎలుగుబంటి బొమ్మ కూర్చుని ఉంటుంది. తప్పిపోతే కలుసుకోవడానికి అంతకన్నా మంచి గుర్తు లేదు. కానీ మోకాళ్ల నొప్పులతో ఆ బొమ్మ చుట్టూ ఎంతసేపని తిరుగుతారు? భోజనం, శుభ్రమైన స్నానాల గది, నడుం వాల్చే కుర్చీ... అరవై దాటినవాళ్లకి వాటి విలువ ఇడ్లీల్లో కట్టలేం. కొడుకు ఏడాదంతా ఫీజు కట్టడానికి ఈ ఒక్క ప్రయాణం చాలంటే కాదనలేం.

అయితే కొడుకు పేరున్న కార్డుని నాన్న జేబులో పెట్టి పంపితే పని జరగదు. బోర్డింగ్ పాస్ మీది పేరూ కార్డు మీది పేరూ కలవాలి. నాన్న పేరుతో అనుబంధ కార్డు తీసుకోవాలి, దానికి విదేశీ లాంజ్‌ల్లో ప్రవేశం ఉందో లేదో ముందే రాతపూర్వకంగా అడగాలి. అమ్మకి విడిగా మరొకటి. ఇవేవీ కుదరకపోయినా కంగారు లేదు. దోహాలో ఒరిగి పడుకునే కుర్చీలున్న నిశ్శబ్ద గదులున్నాయి, వాటికి రూపాయి కట్టక్కర్లేదు. ఆడవాళ్లకి, మగవాళ్లకి వేర్వేరు గదులు కాబట్టి పాస్‌పోర్టులు ఎవరివి వాళ్ల దగ్గరే ఉంచుకోవాలి!

ఫీజు మాఫీ మాయ

‘పది లక్షలు ఖర్చు చేయండి, ఫీజు మాఫీ’ అనే కార్డులూ ఉన్నాయి. ఇంటద్దె, స్కూలు ఫీజులు, బంగారం... అన్నీ అందులోకి తోద్దామంటే కొన్ని ఖర్చుల్ని బ్యాంకులు లెక్కలోకే తీసుకోవు. ఏడాది చివర్లో ఇంకో నలభై వేలు తగ్గాయని అవసరం లేని టీవీ కొనేవాళ్లుంటారు. పన్నెండు వేలు మిగిల్చుకోవడానికి నలభై వేలు! ఇక బిల్లు పూర్తిగా కట్టకుండా ఒక్క నెల వాయిదా వేస్తే, నెలకి మూడున్నర శాతానికి పైనే వడ్డీ వేసే కార్డులెన్నో. అంటే ఏడాదికి 42 శాతం దాటిపోతుంది. 30 శాతం మించకూడదని 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ చెప్పింది గానీ, ఆ ఉత్తర్వుని 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది.

కాబట్టి ఫీజు పడే నెల ఏదో క్యాలెండరులో రాసిపెట్టుకోండి. అంతకు నెల ముందు, పోయిన ఏడాది ఎన్నిసార్లు విమానం ఎక్కారో ఇంటిల్లిపాదీ కూర్చుని లెక్కేయండి. వద్దనుకుంటే బాకీ అంతా తీర్చి, మూసేయమని బ్యాంకుకి రాతలో అడగండి. ‘ఈసారికి ఫీజు తగ్గిస్తాం సార్’ అని ఫోను రావచ్చు, బేరమాడితే తప్పేం లేదు. అప్పటికీ వద్దంటే, ఆర్‌బీఐ నిబంధన ప్రకారం ఏడు పనిదినాల్లో మూసేయాలి. ఆలస్యమైతే రోజుకి 500 రూపాయల చొప్పున బ్యాంకే మీకు కట్టాలి.