పడని బాకీ

లెక్క అన్నది భారతీయ గృహస్థునికి కొత్త విద్య కాదు. పాలవాడి కార్డు మీది గీతలు, చాకలి పద్దు, కిరాణా కొట్టువాని ఎర్ర అట్ట పుస్తకం ఇంటింటా ఉన్నవే. హిందీ ప్రాంతంలో బహీఖాతా అనేదానినే తెలుగునాట చిట్టా ఆవర్జాలన్నారు. ఈ లెక్కలన్నింటికీ ఒక సామాన్య ధర్మం ఉన్నది. రాసేవాడూ ఇచ్చేవాడూ ఎదురెదురుగా నిలిచి ఉంటారు. ఒక గీత ఎక్కువ పడితే వేలు పెట్టి చూపవచ్చును. చూపిన చోటనే కొట్టివేయించవచ్చును. కొట్టువాడు గొణుగుకోవచ్చును గాని కనబడకుండా పోవడానికి వీలు లేదు.

ఇంటర్నెట్టు బిల్లుకు ఆ ధర్మం వర్తించదు. దానిని రాసినవాని ముఖం ఎవరూ ఎరుగరు. అది నెలకొకసారి ఫోనులోనికి వచ్చి, ఇంత ఇవ్వవలెనని చెప్పి ఊరుకుంటుంది. ఎందుకు ఇవ్వవలెనో అడుగుదామంటే ఎవరిని అడగవలెనో తెలియదు.

రాయపూరు పడమటి కొసన, దుర్గు, భిలాయిల వైపు పోయే గ్రేట్ ఈస్టర్న్ రోడ్డు మీద టాటీబంధ్ ఉన్నది. లారీల రద్దీకి పేరుపడిన కూడలి అది. 2012లో అక్కడ అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ వెలసిన తరువాత ఆ పేట రూపు మారినది. బస్తరు నుంచీ, ఒడిశా నుంచీ రోగులు వస్తారు. వారి వెంట చుట్టపక్కాలు వస్తారు. వారందరికీ గదులు కావాలి, అన్నం కావాలి, మందులు కావాలి. అన్నింటికంటె ముందు కాగితాలు కావాలి.

ఆ కాగితాల దుకాణాలలో ఒకటి ఒక తెలుగు స్త్రీది. ఆమె మామగారు భిలాయి ఉక్కు కర్మాగారం కడుతున్న రోజులలో విజయనగరం నుంచి రాయపూరుకు వచ్చే రైలెక్కి పనికోసం వచ్చినవాడు. భర్త పోయిన తరువాత ఆమె ఒక జిరాక్సు యంత్రం, ఒక కంప్యూటరు పెట్టుకొని, ఆయుష్మాన్ కార్డుల నకళ్లు తీసి, ఆసుపత్రి చీటీలు నమోదు చేసి బ్రతుకుతున్నది. ఇంట తెలుగు, కొట్టులో హిందీ, పల్లెటూరివారితో ఛత్తీస్‌గఢీ మాట్లాడుతుంది. ఆమెకు ఇంటర్నెట్టు తీగ అంటే కుమ్మరికి సారె వంటిది. అది ఆగితే ఆ పూట సంపాదన ఆగినట్లే.

2023 వేసవిలో ఆమె బిల్లు మారినది. ఒప్పుకొన్నది నెలకు 700 రూపాయలు, నూటికి 18 వంతున పన్ను 126, వెరసి 826. ఆ నెల బిల్లులో 150 రూపాయలకు ఒక ‘అదనపు సేవ’ చేరినది. అదేదో సినిమాలు చూసే సౌకర్యమట. ఆమె కోరలేదు, వాడలేదు. పన్నుతో కలిపి 1,003 రూపాయలు అడిగినారు. ఆమె తాను ఒప్పుకొన్న 826 మాత్రం కట్టి, మిగిలినది పొరపాటని ఫోనులో చెప్పినది. సరిచేస్తామన్నారు.

రెండవ నెలలో ఆ 177 రూపాయలు ‘పాత బాకీ’ అనే పేరుతో తిరిగి వచ్చినవి. బాకీ ఉన్నది కనుక ఆలస్యరుసుము 100. అదనపు సేవ మళ్ళీ 150. వీటన్నింటి మీద పన్ను. ఈసారి 1,298 అడిగినారు. ఆమె మళ్ళీ 826 కట్టినది. బాకీ 472 అయినది. మూడవ నెల బిల్లు 1,593. దానిలోనూ 826 పోగా 767 నిలిచినది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే. మొదటి తప్పును ఒప్పుకొని కట్టి ఉంటే ఆలస్యరుసుము పడేది కాదు, కాదన్నందుకు పడినది. యంత్రానికి ఎగవేతకూ అభ్యంతరానికీ భేదం తెలియదు. దాని చిట్టాలో రెండింటికీ ఒకటే పద్దు.

ఆమె ఆరుసార్లు ఫోను చేసినది. ప్రతిసారీ ఒకటి నొక్కుమనీ, రెండు నొక్కుమనీ చెప్పిన గొంతు చివరకు క్షమాపణ కోరినది. ఆ తరువాత ఒక కుర్రవాడు ఎంతో మర్యాదగా అన్నీ విన్నాడు. మరుసటి ఉదయం, ‘మీ ఫిర్యాదు పరిష్కరింపబడినది’ అని సందేశం వచ్చినది. ఏమి పరిష్కరించినారో అందులో లేదు. మూడవ నెల చివర తీగ ఆగిపోయినది.

మూడు రోజులు కొట్టు తెరిచి ఉన్నా పని లేదు. కాగితాలు పట్టుకొని వచ్చినవారిని పక్క దుకాణానికి పంపవలసి వచ్చినది. మొత్తం కట్టివేసి పీడ వదిలించుకోమని అందరూ చెప్పినారు. 767 రూపాయలు ఆమె ఇవ్వలేని సొమ్ము కాదు. ఆ మూడు రోజులలో పోయినది అంతకంటె ఎక్కువే.

రైల్వే లెక్కల శాఖలో పని చేసి విరమించిన ఒక తెలుగు పెద్దాయన పింఛను కాగితాల నకళ్లకు ఆ కొట్టుకు వస్తుండేవాడు. సంగతి విని ఆయన ఒక్క ప్రశ్న వేసినాడు.

“అమ్మాయీ, నీ దగ్గర ఫిర్యాదు సంఖ్యలు ఉన్నాయా?”

“ఉన్నాయి బాబాయిగారూ. ఆరూ రాసుకున్నాను.”

“అయితే ఇక ఫోను మాను. కాగితం మీద రాయి.”

ఆయన చెప్పిన దారి ఎవరికైనా ఉన్నదే. టెలికం నియంత్రణ సంస్థ అయిన ట్రాయ్ 2012లో చేసిన నిబంధనల ప్రకారం ప్రతి కంపెనీ ఫిర్యాదుకు సంఖ్య ఇవ్వాలి. జవాబు తృప్తి కలిగించకపోతే ముప్పై రోజులలోపల ఆ కంపెనీలోనే ఉండే అప్పీలు అధికారికి రాసుకోవచ్చును. దానికి రుసుము లేదు. 39 రోజులలో తీర్పు చెప్పవలెను. ట్రాయ్ మాత్రం విడివిడి మనుషుల తగవులు తీర్చదు.

అక్కడ న్యాయం జరగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉన్నది. టెలిఫోను తగవులు అక్కడికి రాకూడదని 2009లో సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చినది. 2022 ఫిబ్రవరి 16న అదే న్యాయస్థానం ఆ అడ్డు లేదని తేల్చినది. అయిదు లక్షల లోపు వ్యవహారానికి అక్కడా రుసుము లేదు. కొట్టు నడిపే మనిషి వినియోగదారు ఎట్లా అవుతుందని కంపెనీవారు అడగవచ్చును. బ్రతుకుతెరువు కోసం స్వయంగా చేసుకొనే పనికి వాడుకొన్న సేవను వ్యాపారప్రయోజనంగా లెక్కించరాదని జవాబు చెప్పవచ్చును.

ఆమె ఆ రాత్రి హిందీలో ఒక పుట రాసినది. ఒప్పుకొన్నది ఎంత, కట్టినది ఎంత, ఏ తేదీన కట్టినది, ఎవరికి ఎప్పుడు చెప్పినది, అంతే. తిట్టు లేదు, మొర లేదు. బిల్లులు మూడూ, కట్టిన రసీదులు మూడూ జతచేసి పంపినది.

రెండవ నాడు తీగ పని చేసినది. పదకొండవ నాడు జవాబు వచ్చినది. ‘విలువైన ఖాతాదారు పట్ల సద్భావంతో’ 767 రూపాయలు రాయితీ ఇచ్చినామని అందులో ఉన్నది. కొట్టులో ఉన్నవారు సంతోషించినారు. ఆమె సంతోషించలేదు.

రాయితీ అంటే బాకీ ఉండి మాఫీ అయినదని అర్థం. అభిమానంతో వదిలిపెట్టినా బాకీ బాకీయే. ఆమె కొట్టులో ఒక పలక వేలాడుతుంటుంది. రోగులను వదలి రాలేనివారు, చిల్లర లేనివారు రెండు రూపాయలు, అయిదు రూపాయలు బాకీ పడితే అందులో రాస్తుంది. కొందరు ఇస్తారు, కొందరు ఊరు వెళ్లిపోతారు. ఆలస్యానికి ఆమె ఏనాడూ పైసా వేయలేదు గాని, బాకీ పడనివారి పేరు కూడా ఏనాడూ రాయలేదు.

ఆమె మళ్ళీ రాసినది: “నేను రాయితీ అడగలేదు. కోరని సేవకు రుసుము వేసినారు. దానిమీద ఆలస్యరుసుము వేసినారు. అది పొరపాటని రాయవలెను. ఆ సేవ నా ఖాతాలో నుంచి తీసివేయవలెను.”

సొమ్ము వచ్చిన తరువాత మాట కోసం పోట్లాట ఏమిటని కొట్టులో ఒకరు నవ్వినారు. పెద్దాయన నవ్వలేదు. తప్పు అని రాయని తప్పు వచ్చే నెల మళ్ళీ వస్తుందని మాత్రం అన్నాడు.

రెండవ జవాబుకు మరి మూడు వారాలు పట్టినది. పొరపాటు అన్న మాట అందులోనూ లేదు. ‘బిల్లు సవరించబడినది, అదనపు సేవ తొలగించబడినది’ అని ఉన్నది. ఆమె దానిని రెండుసార్లు చదివినది. సవరించినారంటే అంతకు ముందు సరిగా లేదనే కదా అని పెద్దాయన అన్నాడు. అంతవరకు ఆమె ఒప్పుకొన్నది.

తరువాతి నెల బిల్లు 826 రూపాయలకు వచ్చినది. ఆమె దానిలోని ప్రతి పద్దునూ వేలు పెట్టి చూసుకొని, ఆ రోజే కట్టివేసినది.