సిపాయి వోయ్‌టెక్... ఓ ఎలుగుబంటి!

1944. ఈజిప్టులోని అలెగ్జాండ్రియా రేవు. ఇటలీ యుద్ధరంగానికి వెళ్లే ఓడలోకి పోలండ్ సైనికులు ఎక్కుతున్నారు. వాళ్ల వెంట ఓ ఎలుగుబంటి! జంతువులకు ప్రవేశం లేదన్నారు బ్రిటిష్ అధికారులు. అది జంతువు కాదు, మా సిపాయి అన్నారు పోలండ్ వాళ్లు. ఉత్తమాట కాదు. పేరు వోయ్‌టెక్. దళం 22వ ఆర్టిలరీ సప్లై కంపెనీ. జీతం పుస్తకం ఉంది, నెంబరూ ఉంది. ఇక ఓడ ఎక్కించుకోక తప్పలేదు.

ఇదంతా సైనికుల అల్లరిలా కనిపిస్తుంది. వాళ్లెవరో తెలిస్తే అలా అనిపించదు. 1939లో పోలండ్‌ను హిట్లర్, స్టాలిన్ చెరోపక్క నుంచీ ఆక్రమించారు. తూర్పు ప్రాంతాల వాళ్లను లక్షలమందిని సోవియట్ శిబిరాలకు తరలించారు. 1941లో జర్మనీ తమ మీదికే దండెత్తాక గానీ స్టాలిన్ వాళ్లను వదల్లేదు. అలా బయటపడి, 1942లో ఇరాన్ చేరినవాళ్లే ఈ సైనికులు. ఇంటి దగ్గర ఎవరు బతికున్నారో తెలియదు. హమదాన్ దగ్గర ఓ కుర్రాడు తల్లిలేని ఎలుగుపిల్లతో కనిపిస్తే కొనేశారు. వోడ్కా సీసాలో డబ్బాపాలు పోసి పట్టారు. పిల్లల్ని పెంచుకోవాల్సిన వయసులో ఉన్న మగాళ్లకు అదే పిల్లైంది.

పెరిగి పెద్దదయ్యాక దానితో కుస్తీలు పట్టేవారు. బీరు తాగించారు. సిగరెట్లిచ్చారు, కొన్ని నమిలి మింగేసేదట! ఇవాళైతే జంతుప్రేమికులు కేసు పెట్టేవారే. అయినా రెండు వందల కిలోలు దాటిన ఆ ఎలుగు వాళ్లతోపాటే గుడారంలో పడుకునేది.

ఇటలీలో మోంటె కాసినో కొండ కోసం నెలల తరబడి భీకర పోరు నడిచింది. మనవాళ్లూ అక్కడ రక్తం ధారపోశారు. 4వ భారతీయ డివిజన్ ఆ కొండ మీద భారీగా సైనికుల్ని కోల్పోయింది. దాని చిహ్నం ఎర్ర గద్ద. ఇప్పటికీ మన సైన్యంలో ఆ డివిజన్ పేరు ‘రెడ్ ఈగిలే’. చివరికి 1944 మే 18న శిథిలమైన మఠం మీద పోలండ్ జెండా ఎగిరింది. ఆ పోరులో ఫిరంగి గుండ్ల పెట్టెల్ని లారీల నుంచి వోయ్‌టెక్ మోసిందని సైనికులు చెప్పేవారు. ఎన్ని మోసిందన్నది పక్కన పెడితే, కంపెనీ చిహ్నమే మారిపోయింది. గుండును ఎత్తుకెళ్తున్న ఎలుగుబంటి బొమ్మ వాళ్ల భుజాల మీదికీ లారీల మీదికీ ఎక్కింది.

సైన్యంలో ఇలాంటి గుర్తులు పై నుంచి వచ్చే ఉత్తర్వులతోనే పుట్టవు. 1941లో లిబియాలోని టోబ్రుక్‌లో ముట్టడిలో చిక్కుకున్న ఆస్ట్రేలియన్లను జర్మన్ రేడియో ఎలుకలని వెక్కిరించింది. వాళ్లు నొచ్చుకోలేదు సరికదా, ఎలుక బొమ్మతో సొంతంగా పతకాలే చేసుకున్నారు! ఆ తిట్టే బిరుదైంది. వోయ్‌టెక్ బొమ్మ వెనక ఉన్నది పౌరుషం కాదు, మమకారం.

యుద్ధం ముగిసింది. గెలిచిన పక్షమే, అయినా వెళ్లడానికి ఇల్లు లేదు. తూర్పు పోలండ్ సోవియట్ యూనియన్‌లో కలిసిపోయింది. మిగిలిన దేశం కమ్యూనిస్టుల చేతుల్లోకి వెళ్లింది. చాలామంది బ్రిటన్‌లోనే ఆగిపోయారు. 1946లో వోయ్‌టెక్ కూడా వాళ్లతో స్కాట్లాండ్‌లోని విన్‌ఫీల్డ్ శిబిరానికి చేరింది. దళాన్ని రద్దు చేసే వేళ వచ్చింది. మనుషులు ఏ గనిలోనో పొలంలోనో పని వెతుక్కోవచ్చు. ఎలుగుబంటి ఎక్కడికి పోతుంది? 1947 నవంబరులో ఎడిన్‌బరో జూకి అప్పగించారు.

మాజీ సైనికులు వచ్చి పోలిష్ భాషలో పిలిస్తే తలెత్తి చూసేదట. కొందరు కంచె దూకి లోపలికెళ్లి పాత రోజుల్లోలా కుస్తీ పట్టేవారు. సిగరెట్లు విసిరితే తీసుకునేది, కానీ వెలిగించి ఇచ్చేవాళ్లు లేక నమిలేసేది. 1963 డిసెంబరులో చనిపోయింది. అప్పటికి దానికి 21 ఏళ్లు. ఎడిన్‌బరో నడిబొడ్డునున్న ప్రిన్సెస్ స్ట్రీట్ ఉద్యానంలో 2015లో దానికి కంచు విగ్రహం పెట్టారు. పక్కన ఓ పోలండ్ సైనికుడు నడుస్తుంటాడు, చెయ్యి దాని వీపు మీద.