ఆంగన్ మా ఇంటి మాటే

అంగన్‌వాడీ అనే పేరు తెలియని ఊరు లేదు. ఆంగన్ అంటే వాకిలి. మా అమ్మీలు, నానీలు పొద్దున లేచి ఊడ్చేది ఆంగనే, మా పిల్లలు పడి లేచి నడక నేర్చేదీ ఆంగన్‌లోనే. ఈ పేరు వెనక తారాబాయి మోడక్, అనుతాయి వాఘ్‌ల పని ఉంది. మహారాష్ట్రలోని బోర్డీలో 1945లో, ఆ తర్వాత కోస్‌బాడ్‌లో వాళ్లు పేదల పిల్లల కోసం బాలవాడీలు నడిపారు. బడికి రాలేని పిల్లల దగ్గరికి బడినే తీసుకుపోయారు, ఆదివాసీ పిల్లల వాకిట్లో కూర్చుని చెప్పారు. వాకిలి పిల్లది, వచ్చినవాళ్లు పెద్దలు. ఆ పేరుకు అర్థం ఇదీ.

మరి మా పిల్లలు అంగన్‌వాడీకి పోతే తమ వాకిలిని ఎందుకు గుమ్మం బయట విడిచి లోపలికి పోవాల్సి వస్తున్నది?

మేం తెలుగులో వార్తలు రాసి బతికేవాళ్లం. ఇంట్లో ఉర్దూ, దఫ్తర్లో తెలుగు. ఉర్దూ అంటే షాయరీల ఉర్దూ కాదు, 'నక్కో', 'హౌ', 'కైకు' అనే మా దక్కనీ. వార్తల కోసం ఎన్నో అంగన్‌వాడీలకు పోయాం. పోయిన ప్రతిచోటా రిజిస్టర్లు చూపించారు. ఎంతమంది పిల్లలు, ఎన్ని గుడ్లు, ఎవరి బరువు ఎంత. ఇవన్నీ కావాల్సినవే. ఆహార భద్రతా చట్టం 2013లో వచ్చినప్పుడు, మూడు నుంచి ఆరేళ్ల పిల్లకు రోజుకు 500 కేలరీలు, 12 నుంచి 15 గ్రాముల మాంసకృత్తులు ఇవ్వాలని రాసింది. ఆ గుడ్డు పిల్ల నోట్లోకి పోయిందా, పక్కదారి పట్టిందా అని అడగడం మా వృత్తి ధర్మం. కానీ పిల్ల ఏడిస్తే ఎవరు ఎత్తుకున్నారు, పిల్ల చెప్పింది ఎవరికి అర్థమైంది అని రాసుకునే గడి ఏ రిజిస్టర్లోనూ మాకు కనబడలేదు.

మా చెల్లె బిడ్డకు మూడేళ్లు నిండినప్పుడు బస్తీలోని అంగన్‌వాడీలో వేశారు. ఇంట్లో అది ఆగకుండా వాగే పిల్ల. నెల తిరక్కముందే టీచరమ్మ మా చెల్లెను పిలిచి, "బిడ్డకు మాటలు రావా అమ్మా? డాక్టరుకు చూపించిన్రా?" అని మంచి మనసుతోనే అడిగింది. మా చెల్లె బిత్తరపోయింది. ఆ పిల్ల అక్కడ మాట్లాడక కాదు. 'పేట్ దుఖ్రా' అన్నది, 'డర్ లగ్రా' అన్నది, 'అమ్మీ కనే జాతుం' అన్నది. టీచరమ్మకు, ఆయమ్మకు అది మాటలా వినిపించలేదు. మూడు నాలుగు సార్లు చెప్పి చూసింది పిల్ల. ఫలితం లేదని తెలిసి నోరు మూసుకున్నది. మూడేళ్ల పిల్ల మొదట నేర్చుకున్న పాఠం అది.

కొన్నాళ్లకు ఆ ఆయమ్మ మానేసి, మా బస్తీలోని ఒక ఖాలా ఆ పనిలో చేరింది. పెద్దగా చదువుకున్నది కాదు. పిల్ల కడుపు పట్టుకుంటే "క్యా హువా బేటా?" అని ఒళ్లోకి తీసుకునేది. గది అదే, చాప అదే, గుడ్డు అదే. పదిహేను రోజుల్లో మా పిల్ల గొంతు వీధిలోకి వినిపించింది. ఇంకో సంగతి కూడా జరిగింది. ఖాలా టీచరమ్మతో తెలుగులో, పిల్లలతో ఉర్దూలో మాట్లాడుతుంటే రెండూ వింటూ మా పిల్ల తెలుగు కూడా పట్టుకున్నది. ఇంటికొచ్చి "టీచర్ రమ్మన్నది" అని తెలుగులో చెప్పింది. ఉర్దూ మాట్లాడనిస్తే తెలుగు రాదని భయపడే పెద్దలు ఈ సంగతి వినాలి. మా పిల్లకు తెలుగు వచ్చింది ఉర్దూ వాకిట్లోంచి నడుచుకుంటూనే.

అక్షరాల చార్టు సంగతి చూద్దాం. 'ఈ' పక్కన ఈగ బొమ్మ. ఇదేంటని టీచరు అడిగితే మా పిల్ల 'మఖ్ఖీ' అంటుంది. "కాదు, ఈగ" అంటారు. బొమ్మలో ఉన్నది మఖ్ఖీ కాదా? పిల్ల చూసింది నిజం, చెప్పింది నిజం. అయినా తప్పయింది. "ఔను బిడ్డా, మఖ్ఖీనే. తెలుగులో ఈగ అంటం" అని ఒక్క వాక్యం కలిపితే పిల్లకు రెండు మాటలు దొరుకుతాయి. 'కాదు' అన్నప్పుడు పిల్ల తన కండ్లనే అనుమానిస్తుంది. ఇల్లు చెప్పిందంతా తప్పేమో అనుకుంటుంది. పెద్దయ్యాక మమ్మల్ని "మీ తెలుగు భలే ఉందే!" అని మెచ్చుకున్నవాళ్లున్నారు. ఆ మెచ్చుకోలులోనూ ఆ 'కాదు' దాక్కుని ఉంటుంది.

ఇది మా ఒక్కరి బాధ కాదు. అదే చార్టులో 'ఆసుపత్రి' ఉంటే తెలంగాణ తెలుగు పిల్ల 'దవాఖాన' అంటుంది. తండాలో పిల్ల లంబాడీ మాట్లాడుతుంది, ఆదిలాబాద్ గూడెంలో పిల్ల గోండీ మాట్లాడుతుంది. వాళ్లకూ ఇదే 'కాదు' ఎదురవుతుంది. ఏ పిల్ల ఇంటి మాట పుస్తకంలో ఉన్నదో ఆ పిల్లే తెలివైనదని అనిపించుకుంటుంది. మిగతావాళ్లు మొద్దులు. ఈ వేరుచేయడం పదో తరగతిలో మొదలవదు, మూడో ఏట చాప మీదే మొదలవుతుంది.

మావాళ్లను కూడా మేం అడగాల్సింది ఉంది. నాలుగేళ్ల నాలుగు నెలల నాలుగు రోజులకు పిల్లకు బిస్మిల్లా చేయిస్తాం. కొత్త బట్టలు, మిఠాయి, ఒళ్లో కూర్చోబెట్టుకుని మొదటి మాట పలికించడం. చదువు ప్రేమతో మొదలు కావాలని తెలిసినవాళ్ల పద్ధతి అది. మర్నాటి నుంచి ఆ ప్రేమ ఎటుపోతుంది? రెండు గదుల ఇంగ్లీషు కాన్వెంటులో వేసి, వేళ్లు బలపడని పిల్లతో ఏ బీ సీ డీలు వందసార్లు రాయిస్తే గొప్పనుకుంటున్నాం. ఆటో తోలే అబ్బా సంపాదనలో సగం ఆ ఫీజుకే పోతుంది. అక్కడ ఉర్దూ మాట్లాడితే దెబ్బ, తెలుగు మాట్లాడినా దెబ్బే. సాయంత్రం మక్తబ్‌లో ఖాయిదా చదివేటప్పుడైనా పిల్లకు అర్థమయ్యేట్టు, బెత్తం లేకుండా చెప్పాలని మౌల్వీ సాబ్‌లను అడిగే ధైర్యం మాకు కావాలి.

టీచరమ్మల మీద మాకు కోపం లేదు. వాళ్లూ పేదింటి ఆడవాళ్లే. ఇంత పని చేయించుకుని వాళ్లకు ఇచ్చేది జీతం కాదట, 'గౌరవ వేతనం' అట. వాళ్లకు గ్రాట్యుటీ హక్కుందని చెప్పడానికి 2022లో సుప్రీంకోర్టు దాకా పోవాల్సి వచ్చింది. 2023 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో మొదలుపెట్టిన సమ్మెను వాళ్లు 2024 జనవరి దాకా నడిపారు. పిల్లలకు ఆటలు, వండిపెట్టడం, తూకాలు, ఇంటింటి సర్వేలు, ఇంత బరువు మోసే మనిషిని ఇంకో భాష కూడా నేర్చుకో అని ఊరికే అంటే అన్యాయం. శిక్షణ ఇవ్వాలి, దానికి కూలీ కట్టాలి.

చట్టాల్లో ఏముందో చూశాం. 1956లో రాజ్యాంగంలో చేరిన 350ఎ అధికరణం, భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు ఉండాలన్నది. 2009 విద్యాహక్కు ఆరేళ్ల నుంచి మొదలవుతుంది. మాట పుట్టేది ఆరేళ్ల లోపే కదా! ఆ వయసు గురించి 2002లో మార్చిన 45వ అధికరణం ప్రభుత్వం 'ప్రయత్నించాలి' అంటుంది. 2006లో కేంద్రం ప్రకటించిన మైనారిటీల కొత్త 15 సూత్రాల్లో మొట్టమొదటిది అంగన్‌వాడీ సేవలు మాకు న్యాయంగా అందాలనే. తెలంగాణలో 2017 నుంచి ఉర్దూ రాష్ట్రమంతటా రెండో అధికార భాష. 2020 విద్యావిధానం వీలైన చోటల్లా ఇంటి భాషలోనే చెప్పమన్నది. కాగితాల మీద ఇన్నిసార్లు దొరికిన మా మాట, మా బస్తీ గదిలో మాత్రం ఖాలా పనిలో చేరితేనే దొరికింది. ఆమె రేపు మానేస్తే?

అందుకే మేం అడుగుతున్నాం. ఉర్దూ మాట్లాడే పిల్లలు ఎక్కువున్న కేంద్రంలో టీచరు, ఆయా ఇద్దరిలో ఒక్కరికైనా ఆ మాట వచ్చి ఉండాలి. తండాలో లంబాడీ, గూడెంలో గోండీ, కోయ వచ్చినవాళ్లు ఉండాలి. అక్కడి ఆడవాళ్లనే ఆ పనిలోకి తీసుకోవాలని నియమం ఎలాగూ ఉంది, అందులో ఇంటి భాషను కూడా చేర్చండి. చార్టులో ఈగ పక్కన మఖ్ఖీ కూడా రాయండి. తనిఖీకొచ్చే సూపర్‌వైజరమ్మ గుడ్లు లెక్కపెట్టాక, చాప మీద కాసేపు కూర్చుని ఏ పిల్ల నోరు విప్పడం లేదో చూడాలి. మూగదని రాసే ముందు ఆ పిల్లతో దాని ఇంటి మాటలో ఒక్కసారి మాట్లాడించాలి. ఇందుకు కొత్త భవనాలు అక్కర్లేదు. వచ్చే నియామకాల నోటిఫికేషన్‌లో ఒక్క వాక్యం చేరిస్తే మొదలుపెట్టవచ్చు.