కబురు తెచ్చే యంత్రాలు

లేపాక్షి అనగానే చాలామందికి వీరభద్రాలయంలోని వేలాడే స్తంభమో, ఏకశిలా నందియో గుర్తుకొస్తాయి. నాకు మాత్రం జటాయువు గుర్తుకొస్తాడు. రావణునితో పోరాడి రెక్కలు తెగిన ఆ పక్షి ఇక్కడే కూలిందనీ, రాముడు "లే, పక్షీ" అన్నాడనీ మా ప్రాంతపు నమ్మకం. జటాయువు సీతను విడిపించలేకపోయాడు. ఆమె ఏమైందో మాత్రం చెప్పగలిగాడు. ఆ కబురే లేకపోతే రాముడు ఏ దిక్కుకు నడిచేవాడు?

జాన్ బ్లిచ్ అనే అమెరికా సైనికాధికారి గురించి చదువుతున్నప్పుడు ఈ సంగతే మనసులో మెదిలింది. 1995 ఏప్రిల్‌లో ఓక్లహోమా నగరంలో బాంబు పేలి 168 మంది మరణించారు. అప్పట్లో కొలరాడోలో పై చదువులో ఉన్న బ్లిచ్ సహాయానికి వెళ్ళాడు. మనిషి దూరలేని శిథిలాల సందుల్లోకి యంత్రాన్ని పంపవచ్చు కదా అన్న ఆలోచనతో తిరిగివచ్చి, తన ఆచార్యురాలు రాబిన్ మర్ఫీని ఆ పరిశోధన వైపు మళ్ళించాడు. తరువాత డార్పాలో సైనికుల కోసం చిన్న నేల రోబోల కార్యక్రమాన్ని నడిపాడు. 2001 సెప్టెంబరులో న్యూయార్క్ జంట సౌధాలు కూలినప్పుడు రోబోలను అక్కడికి చేర్చాడు. అవి ప్రాణాలతో ఉన్నవారిని ఒక్కరినీ కనుగొనలేదు. కొందరి మృతావశేషాల జాడ మాత్రం చూపాయి. ఎదురుచూసే ఇంటివారికి అదీ ఒక కబురే.

మన దేశంలో పుణెలోని డి.ఆర్.డి.ఓ. ప్రయోగశాల 'దక్ష్'ను తయారుచేసింది. 2011లో తొలి విడత సైన్యానికి అందింది. మెట్లెక్కుతుంది, ఎక్స్‌రే తీస్తుంది, నీటిధారతో బాంబును నిర్వీర్యం చేస్తుంది. నడిపేవాడు 500 మీటర్ల దూరాన ఉండవచ్చు. వీరభద్రుని ఊరివాళ్ళం కనుక 'దక్ష్' పేరు వింటే మాకు కొంచెం నవ్వొస్తుంది.

మా చిన్నాన్నగారబ్బాయి సైన్యంలో మందుపాతరలు తీసేవాడు. ఎడమచేతి రెండువేళ్ళు అక్కడే వదిలి హిందూపురం వచ్చేశాడు. దక్ష్ గురించి చెబితే, "అది పేలిపోతే ఇంకోటి చేసుకుంటార్లే అన్నా. నేను పోయుంటే మా అమ్మకు చెప్పేదానికి ఎవరో ఒకరు మా వీధిలోకి రావల్ల గదా" అన్నాడు.

అదే యంత్రానికి తుపాకీ బిగించవచ్చునన్నదీ నిజమే. 2007లో అటువంటివి ఇరాక్‌కు వెళ్ళాయి కూడా. ఆ భయం నాకు లేకపోలేదు. అయినా మనిషికి బదులుగా మృత్యువు దగ్గరికి వెళ్ళి కబురు తెచ్చే యంత్రం మీద నాకు గౌరవమే. దాని విలువ మా పిన్నికి తెలిసినంతగా శాస్త్రవేత్తలకు కూడా తెలియదేమో!