ఖాతాయు, ఫోను నంబరును

మేము హైదరాబాదులో నొక పెద్ద బ్యాంకియొక్క సాంకేతికశాఖలో పనిచేయుచున్నాము. మా స్వగ్రామము జగిత్యాల జిల్లాలోని గొల్లపల్లి. ఊరికి బోయినప్పుడెల్ల పెద్దలు, "పైసలన్ని నువ్వే లెక్కవెడ్తవా బిడ్డా?" యని యడుగుదురు. నిజమునకు కార్యాలయములో మేము నోటు ముఖము చూచుటయే లేదు. పగలు జరిగిన జమాఖర్చులు రాత్రి సరిపోలవలెను. ఒక ఖాతాలో తగ్గిన పైస వేఱొక ఖాతాలో చేరినదని తేలువఱకు మాకు ప్రొద్దు గ్రుంకదు.

పూర్వము గుమాస్తాలు పెద్ద పుస్తకములు ముందిడుకొని చేసిన పనియే యిది. అయితే యొక భేదము కలదు. నిజాము పాలనలో 1941లో పుట్టి, 2017లో స్టేట్ బ్యాంకు ఆఫ్ ఇండియాలో గలిసిపోయిన హైదరాబాదు బ్యాంకివంటి వానియందు, ఆనాటి గుమాస్తా ఖాతాదారును ముఖము చూచి గుర్తుపట్టెడివాడు. మా యంత్రము ఫోను నంబరును జూచి గుర్తుపట్టును. ఆ నంబరునకు ఆఱంకెల సంఖ్య నొకదానిని బంపి, దానిని తిరిగి చెప్పినవారే సొంతదారులని నమ్మును. కార్డుతో అంతర్జాలమున జరుగు చెల్లింపులకు రెండవ ధ్రువీకరణ యుండవలెనని రిజర్వు బ్యాంకు 2009లో విధించినది. మంచి యేర్పాటే. కాని దొంగ యెప్పుడును వెలుపలివాడే యను నమ్మికపై నిది కట్టబడినది.

మా ప్రాంతమున జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల చుట్టుపట్ల మగవారనేకులు గల్ఫు దేశములకు బోవుదురు. ఆడువారింట బీడీలు చుట్టుదురు. వరుసకు మాకక్క యగు నొకామె భర్త దుబాయిలో నున్నాడు. జనధన పథకమున తెఱచిన ఖాతా ఆమె పేరిటనే యున్నది, పాసుపుస్తకమామె పెట్టెలోనే యున్నది. నంబరు మాత్రము మఱదిది.

"పైసలు వడ్డయో లేదో మా మరిదిని అడగాలె తమ్మీ. ఆయన చెప్పిందే లెక్క" అనినది. మఱది దుర్మార్గుడు కాడు. అయినను కూతురి బడిఫీజు కొఱకామె మూడునాళ్ళతని వెంట తిరిగినది.

ఈ సంగతి మేము కార్యాలయమున నొక సమావేశములో చెప్పితిమి. ఖాతా తెఱచునపుడే "ఈ నంబరు మీ చేతిలో నుండునదా, ఇంకొకరిదా?" యని తెలుగులో నొక ప్రశ్న చేర్చుడంటిమి. అట్టి గడి దరఖాస్తులో లేదనియు, అది కుటుంబవిషయమనియు సమాధానము వచ్చినది. కుటుంబవిషయమను మాట స్త్రీల చదువునకును, వితంతువుల వివాహమునకును అడ్డముగా వినబడిన పాత మాటయే. స్త్రీ సొత్తుపై ఆమెకే సంపూర్ణాధికారమని 1956 నాటి హిందూ వారసత్వ చట్టము చెప్పినది; ఆ యధికారము మఱది జేబులోని ఫోను కడ నిలిచిపోవుచున్నది.

చదువరులలో ననేకులు ఇంటి స్త్రీల పేరిట ఖాతాలు తెఱచియుందురు. వానికెవరి నంబరు జతపడియున్నదో యీ రాత్రియే చూడుడు. మార్చుట కష్టము కాదు. పాసుపుస్తకమును ఆధారు కార్డును గొని శాఖకు బోయి దరఖాస్తు నింపిన చాలును.

గత బతుకమ్మపండుగకు మేమూరికి బోయినప్పుడు అక్క సొంత సిమ్ము కొనియున్నది. దరఖాస్తు మేము వ్రాసితిమి, సంతకమామె చేసినది. శాఖలోని యుద్యోగి, "మీ ఆయనకు తెలుసా?" యని యడిగెను.

"ఖాతా నాదే గద సారూ" అని యామె కాగితమును ముందుకు జరిపినది.

కొన్నాళ్ళకు తొలి సందేశము వచ్చినది, అదియు నింగ్లీషులో. ఎనిమిదవ తరగతి చదువు కూతురు దానిని చదివి చెప్పెను. అక్క బీడీల చాటను ప్రక్కకు జరిపి, ఫోను చేతికి దీసికొని, అంకెలను మాత్రము తానే మఱల నొకసారి చదువుకొనినది.