ఎదురుకాళ్ళ తన్ను – పిర్రల కండ

నడుం పట్టేస్తే ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళ చేత తన్నించుకోవాలన్న నమ్మకం తెలుగువాళ్ళలో చాలామందికి తెలిసిందే. అది సముద్రం దాటి అండమాన్‌కి కూడా వచ్చింది. పోర్ట్ బ్లెయిర్‌లో (2024 సెప్టెంబరులో దీని పేరు శ్రీ విజయపురం అని మార్చారు) జంగ్లీఘాట్ వైపు ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన మత్స్యకార కుటుంబాలు ఉన్నాయి. రోజూ చేపల పెట్టెలు ఎత్తేవాళ్ళకి నడుం నొప్పి రాకుండా ఉంటుందా? మా వీధిలో ఆ నొప్పికి వైద్యం చేసేది పన్నెండేళ్ళ పాప. పుట్టినప్పుడు కాళ్ళు ముందొచ్చాయి. అదే ఆమె డిగ్రీ.

తన్నించుకున్నవాళ్ళలో ఒకాయన నాకు బాగా దగ్గర. అరవై దాటాయి, ఇప్పటికీ పెట్టెలు మోస్తాడు. "పాప తన్నీసింది, మూడో రోజుకి లేచి పనికెళ్ళిపోనాను. మీ సైన్సు ఏటంటాది మాస్టారూ?" అన్నాడు ఓ రోజు.

సైన్సు అనేదేమిటంటే, హఠాత్తుగా పట్టేసిన నడుం నొప్పి ఎక్కువమందిలో కొద్ది రోజుల్లోనో కొద్ది వారాల్లోనో దానంతట అదే తగ్గుతుంది. మనిషి వైద్యం కోసం పరిగెత్తేది నొప్పి భరించలేనంత ఉన్న రోజున. అక్కడి నుంచి అది తగ్గక ఏం చేస్తుంది? తన్నినా తగ్గుతుంది, తన్నకపోయినా తగ్గుతుంది. పైగా ఈయన ఏడాదిలో మూడుసార్లు తన్నించుకున్నాడు. మూడుసార్లూ "పని చేసింది". అంత బాగా పనిచేసే వైద్యం మూడుసార్లు ఎందుకు కావలసి వచ్చిందన్నా అంటే నవ్వేశాడు.

ఇది మన పూర్వీకుల రహస్య విజ్ఞానం అనేవాళ్ళకి ఒక మాట. స్కాట్లండ్ ఈశాన్య ప్రాంతంలోనూ సరిగ్గా ఇదే నమ్మకం ఉండేదని వాల్టర్ గ్రెగర్ అనే పాస్టరు 1881లోనే రాశాడు. కాళ్ళు ముందుగా పుట్టినవాళ్ళు తొక్కితే నడుం నొప్పి పోతుందట! అసలు నెలలు నిండిన కాన్పుల్లో నూటికి మూడు నాలుగు ఎదురు కాన్పులే. వాటిలో కూడా ఎక్కువమంది బిడ్డలకి ముందొచ్చేవి కాళ్ళు కాదు, పిర్రలు.

పిర్రల దగ్గరే అసలు విషయం ఉంది. మన శరీరంలో అన్నిటికన్నా పెద్ద కండరం పిర్రలోని గ్లూటియస్ మాక్సిమస్. తొడ వెనక హామ్‌స్ట్రింగ్స్ అని మూడు కండరాలు కూర్చునే ఎముక దగ్గర మొదలై మోకాలి కిందిదాకా దిగుతాయి. వంగి బరువు పట్టుకుని పైకి లేచేటప్పుడు తుంటి కీలుని వెనక్కి తెరిచేవి ముఖ్యంగా ఇవే. ఇవి బలంగా లేకపోతే ఒక పెట్టె రెండు పెట్టెలు ఎత్తొచ్చు గానీ, రోజంతా ఎత్తేవాడికి త్వరగా అలుపొస్తుంది.

నొప్పి నాలుగోసారి వచ్చినప్పుడు ఆయన్ని ఫిజియోథెరపిస్టు దగ్గరకి పంపించాం. ఆ అమ్మాయి మూడే నేర్పింది. మొదటిది వంతెన: వెల్లకిలా పడుకుని, మోకాళ్ళు మడిచి, పాదాలు నేలకి ఆనించి, పిర్రలు బిగించి పైకి లేపాలి. భుజాల నుంచి మోకాళ్ళదాకా ఒకే గీతలా ఉండాలి. రెండోది మనకి బడిలో శిక్షగా తెలిసిన గుంజీళ్ళే, చెవులు వదిలేసి. మూడోది నడుం గూనిగా వంచకుండా తుంటి దగ్గర వంగి బరువెత్తడం. మొదట ఖాళీ నీళ్ళ క్యాను, తర్వాత పావు, తర్వాత సగం. వారానికి మూడు రోజులు. బరువు మెల్లగా పెరగకపోతే కండ పెరగదు. వంతెన చూసి పక్కింటి కుర్రాళ్ళు చేసిన వెకిలి నవ్వుకి ఆయన తలుపు గడియ పెట్టుకుని చేసేవాడు.

ఆరు నెలలైంది, నొప్పి మళ్ళీ రాలేదు. అయితే ఆ ఒక్క మనిషిని చూపించి వ్యాయామం గెలిచిందంటే నేనూ తన్ను పార్టీలో చేరినట్టే. అడగాల్సిన ప్రశ్న రెండింటికీ ఒకటే: చేయనివాళ్ళకి ఏమైంది? వ్యాయామం విషయంలో ఆ ప్రశ్న అడిగారు. దీర్ఘకాలిక నడుం నొప్పి మీద 249 ప్రయోగాలని కలిపి చూసిన కాక్రేన్ సమీక్ష 2021లో వచ్చింది. ఏమీ చేయకపోవడం కంటే వ్యాయామం బహుశా మెరుగని తేల్చింది. గమనించండి, "బహుశా"! తొడ వెనక కండరాల సంగతి ఇంకా స్పష్టం. డెన్మార్కులో 50 ఫుట్‌బాల్ జట్లని రెండుగా విడదీశారు. ఒక భాగం వాళ్ళు మోకాళ్ళ మీద నిలబడి, తోటివాడు మడమలు నొక్కి పట్టుకోగా, మెల్లగా ముందుకి ఒరిగే నార్డిక్ వ్యాయామం చేశారు. 2011లో ఫలితం అచ్చయింది: చేసిన 461 మందిలో 15 గాయాలు, చేయని 481 మందిలో 52.

జిమ్ములకీ మూఢనమ్మకాలున్నాయి. కూర్చుని కూర్చుని మీ పిర్రలు "నిద్రపోయాయి", వాటిని "లేపాలి" అని డబ్బు గుంజేవాళ్ళున్నారు. నరం దెబ్బతినకపోతే కండరం నిద్రపోదు, వాడక బలహీనపడుతుంది, అంతే.

తన్నితే పోయేదేముంది అంటారా? అరవై దాటినవాడి ఎముక గుల్లబారి ఉంటే వెన్నుపూస విరగొచ్చు. నడుం నొప్పితో పాటు కాళ్ళ మధ్య తిమ్మిరెక్కినా, మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోయినా అది గంటల్లో ఆసుపత్రికి చేరాల్సిన జబ్బు. ఆ గంటలు తన్నుల దగ్గర పోతాయి.

ఇక ఆ పాప సంగతి. ముసలివాళ్ళని తన్నాలంటే భయమేస్తుందని, ఏమైనా అయితే తన మీదకొస్తుందని నాతో చెప్పింది. వాళ్ళ నానమ్మతో మాట్లాడాను. తన్నొద్దు, పాపనీ ఇంకో పిల్లనీ తెర వెనక నుంచి ఊరికే పాదం ఆనించమందాం, ఎవరి పాదమో నడుం నొప్పి ఉన్నవాళ్ళు చెప్పగలరేమో చూద్దాం అన్నాను. "పరీక్ష పెడితే శక్తి పోద్ది బాబూ" అందామె. గుమ్మంలో నిలబడ్డ పాప వెంటనే, "అయితే పెట్టండి మాస్టారూ" అంది.