కర్రకు దాహం

కొట్టేసిన చెట్టుకు ప్రాణం పోతుంది గాని దాహం పోదు. మన వీధి తలుపే ఇందుకు సాక్ష్యం. వైశాఖంలో ఒంటి వేలితో తోస్తే తెరుచుకునే తలుపు శ్రావణంలో భుజం పెట్టి నెట్టినా రాదు. గాలిలో తేమ పెరిగితే చెక్క తాగి ఉబ్బుతుంది. గాలి ఎండిపోతే తాగినదంతా వదిలేసి ముడుచుకుంటుంది. ఇరవై ఏళ్లుగా కాలేజీలో ప్రబంధాలు చెప్పుకుంటున్న నాకు ఈ సంగతి తలుపుల మట్టుకే తెలుసు. ఆ దాహం మూలాన ఒక కొంపలో మొగుడూ పెళ్లాల మధ్య మాటలు కరువు కావడం 2023 వేసవి సెలవుల్లో, అమెరికాలో, మిన్నెసోటా రాష్ట్రంలో ఉన్న మా తమ్ముడి ఇంట్లో చూశాను.

మా వాడు కయాక్ కడుతున్నాడు. ఒక్క మనిషి కాళ్లు బార చాపుకుని కూర్చుని, రెండు కొసలా రెక్కలున్న తెడ్డుతో నడుపుకునే సన్నని పడవ అది. అడుగు ఒక చిప్ప, పైన మూత ఒక చిప్ప, నడుమ మనిషి దిగడానికి ఒక కంత. ఉత్తర ధ్రువం వైపు ఉండే ఇన్యూట్ జాతి వాళ్లు కర్ర చట్రానికి సీలు చర్మం బిగించి దీన్ని వేటకు కట్టుకునేవారు. పేరూ వాళ్ల భాషదే. మా వాడిది చర్మం కాదు, ఎర్ర దేవదారు. మన హిమాలయాల దేవదారుకు అది పేరుకే చుట్టం. మహా తేలిక, కమ్మని వాసన. నేను వెళ్లేసరికి కారు ఉండవలసిన గారేజిలో పదిహేడు అడుగుల పడవ రెండు చిప్పలుగా పడుకుని ఉంది. కారు బయట ఎండలో ఉంది.

పని తీరు ముచ్చటైనది. ముప్పాతిక అంగుళం మందం పలకను నిలువునా పావు అంగుళం చొప్పున చీల్చి పట్టీలు చేస్తారు. అడుగుకొకటిగా నిలబెట్టిన అచ్చు పలకల మీద ఒక్కొక్క పట్టీనీ వంచి, పక్క పట్టీకి జిగురుతో అతుకుతూ పోతారు. చీల్చడంలో ఒక కిటుకుంది. చెక్క పొడుగు దిక్కున దాదాపు ముడుచుకోదు. అడ్డంగా ముడుచుకుంటుంది, అందులోనూ చెట్టు వలయాల వెంబడి ముడుచుకునేది, వలయాలకు అడ్డంగా ముడుచుకునే దానికి ఇంచుమించు రెట్టింపు. ఎర్ర దేవదారు పచ్చిదనం నుంచి పూర్తిగా ఎండేలోగా ఒక దిక్కున 5 శాతం, రెండో దిక్కున రెండున్నర శాతం లోపు ముడుచుకుంటుందట. మామూలు కోత పలకను అలా నిలువునా చీలిస్తే పట్టీ వెడల్పు తక్కువ ముడుచుకునే దిక్కుకు వస్తుంది. మన కొండపల్లి బొమ్మల వాళ్లు తెల్లపొణికి కర్రకు సెగ చూపి తేమ లాగేశాక గాని ఉలి పెట్టరు. ఏ దేశంలోనైనా వడ్రంగం మొదలయ్యేది తేమ లెక్క దగ్గరే కాబోలు.

పట్టీలన్నీ అతికాక చిత్రిక పట్టి, పై పక్క గాజుబట్ట పరిచి రెసిను పూస్తారు. అచ్చుల మీంచి ఊడదీసి, లోపలి పక్కా అలాగే చేయాలి. ఆలస్యం చేయకూడదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

2022 చివర్లో మా వాడి ఉద్యోగం పోయింది. కొత్త పని వెతుక్కుంటూ, చేతులు ఊరుకోక, అంతకుముందే కొనిపెట్టుకున్న కలపతో పడవ మొదలుపెట్టాడు. ఫిబ్రవరి నాటికి రెండు చిప్పలకూ బయటి పూత అయింది. లోపలికి రెసిను చాలలేదు. "ఉద్యోగం వచ్చేదాకా ఇంకొక్క డాలరు ఆ పడవకు పెట్టడానికి వీల్లేదు" అంది మా మరదలు. ఇద్దరు పిల్లలతో ఇంటి అప్పు కట్టుకునే ఇల్లాలు ఇంకేమంటుంది? న్యాయమైన మాటే. ఏప్రిల్లో ఉద్యోగం వచ్చింది, రెసినూ వచ్చింది. తీరా కొలిస్తే, నడుమ 22 అంగుళాలు ఉండవలసిన అడుగు చిప్ప 20న్నర ఉంది. మూత దాని మీద కూర్చోదు.

ఆ దేశపు చలికాలంలో వెచ్చబెట్టిన గదుల్లో గాలి తేమ 20 శాతానికి పడిపోతుంది. ఆ గాలిలో చెక్క తనలోని తేమను నాలుగైదు శాతానికి దించుకుంటుంది. బయటి పక్క రెసిను చాటున ఉంది. అది తేమను బొత్తిగా ఆపకపోయినా బాగా నెమ్మదిస్తుంది. లోపలి పక్క బోసిగా ఉంది. లోపల ముడుచుకుని, బయట ముడుచుకోకపోతే గోడలు లోపలికే వంగుతాయి. రెండు పక్కలా ఒకే పూత ఉండాలనేది అందుకే. లేదా అచ్చుల మీంచి దించకుండా ఉండాలి. దించితే గోడల మధ్య అడ్డుకర్రలు పెట్టి కొలత నిలబెట్టాలి. మా వాడు ఏదీ చేయలేదు.

"పట్టీలతో కట్టేసి బలవంతాన అతికించేస్తానక్కా" అన్నాడు. బలవంతాన అతికితే ఆ బిగువంతా అతుకు మోయాలని వాడికీ తెలుసు. మా మరదలు వంటింట్లో నాతో, "ఆ రోజు నేను డబ్బిచ్చి ఉంటే బావుండేది గదా వదినా" అంది. ఆ మాట వాడితో అనలేదు. వాడూ, నీవల్లే అనలేదు. అసలు ఇద్దరూ ఏమీ అనుకోవడం లేదు. అదే నాకు భయమేసింది.

చివరికి వాడే దారి కనిపెట్టాడు. ముడుచుకున్నది తేమ పోయి గదా, మళ్లీ తేమ ఇస్తే? తువ్వాళ్లు గోరువెచ్చని నీళ్లలో తడిపి పిండి లోపల పరవాలి. ఇంట్లో ఉన్న పాత తువ్వాళ్లన్నీ మా మరదలు మోసుకొచ్చింది. మొదటి రోజు ఏమీ కాలేదు. మూడో రోజుకు ముప్పాతిక అంగుళం విడింది. విడినకొద్దీ అడ్డుకర్ర మార్చి కొంచెం పొడుగుది పెడుతూ వచ్చాడు. ఊడదీస్తే కొంత వెనక్కి పోతుందని 22న్నర దాకా తెరిచాడు. తరవాత తువ్వాళ్లు తీసేసి, కర్రలు అలాగే ఉంచి, పది రోజులు ఆరనిచ్చాడు. తడి చెక్క మీద రెసిను పట్టదు. మూతకూ ఇదే వైద్యం.

పూత సాయంత్రం వేశాం. పగలు వేడెక్కేటప్పుడు వేస్తే చెక్కలోని గాలి వ్యాకోచించి బుడగలొస్తాయట. చల్లబడే వేళ ఆ బాధ లేదు. నేను దీపం పట్టుకున్నాను. గాజుబట్ట ముడత పడకుండా ఒక కొస మా మరదలు పట్టుకుంది, రెండో కొస వాడు. "నీ వైపు కొంచెం లాగు" అన్నాడు వాడు. "లాగుతూనే ఉన్నా, మీరే వదలడం లేదు" అంది ఆవిడ. అర్ధరాత్రి దాకా అలా పోట్లాడుకుంటూనే ఉన్నారు.

నేను తిరిగి వచ్చిన వారానికి మూత బిగించామని ఫోటో పంపారు. వెనక కొస దగ్గర నూలుపోగంత తేడా ఉందిట. అది ఎవరికీ కనపడదని మరదలు రాసింది. నాకు కనపడుతూనే ఉందని కింద వాడు రాశాడు.